జంతువుల మీద టెస్టులు తగ్గించిన సైంటిస్టులకి గుర్తింపు ఎందుకు రావట్లేదు?

చిన్నోడు_పీహెచ్‌డీ
కడుపు మండి రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్ మేడమ్ ఉన్నారు, ఎలకలకి మందు పట్టించి కాలేయం పాడైందా లేదా అని కోసి చూసే బదులు మనిషి కాలేయ కణాల మీదే తేల్చేసే పద్ధతి కోసం ఏడేళ్ళుగా కూర్చున్నారు. ఈ ఏడు సంస్థ అవార్డుకి ఆవిడ పేరు పంపితే కమిటీ నుంచి ఒక్క వాక్యం వచ్చింది, ఇందులో కొత్త సైన్స్ ఏమీ లేదు, ఇది మెథడ్ మాత్రమే అని. అవార్డేమో కొత్త రకం ఎలక మోడల్, అంటే మనిషి జబ్బుని చూడటానికి వాడే ఎలకని, తయారుచేసినాయనకి వెళ్ళింది. ఆయన పని తక్కువని నేననను, బాగా చేశారు. కానీ ఎలక అయితే సైన్సూ, ఎలక అక్కర్లేకుండా చేస్తే మెథడూనా? మేడమ్ నోరెత్తలేదు. ఆ సాయంత్రం కూడా కణాలకి మీడియా, అంటే అవి బతికే పోషక ద్రవం, మార్చేసి, హుడ్ తుడిచి, లైటు తీసి ఇంటికెళ్ళారు. ఇలాంటి పని చేసేవాళ్ళని ప్రపంచంలో ఎక్కడన్నా పట్టించుకుంటున్నారా? పట్టించుకుంటే ఎవరికిస్తున్నారు, ఏం చూసి ఇస్తున్నారు?

టాక్స్_విజయ
ఇస్తున్నారు తమ్ముడూ, కాకపోతే మన ఫీల్డ్ దాటి బయట ఎవరికీ తెలియదు. లష్ అనే కాస్మెటిక్స్ కంపెనీ పేరు మీద లష్ ప్రైజ్ అని 2012 నుంచి ఉంది, దాంట్లో సైన్స్‌కే కాకుండా ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళకి, చట్టాలు మార్పించేవాళ్ళకి, కుర్ర రీసెర్చర్లకి కూడా విడివిడిగా ఇస్తారు. బ్రిటన్‌లో జంతువుల వాడకం తగ్గించటానికి ఎన్‌సీ3ఆర్స్ అనే సంస్థని 2004లో పెట్టారు, వాళ్ళు ఏటా ఒక ప్రైజ్ ఇస్తారు. ఆ 3ఆర్స్ మాట మొదలైంది 1959లో, రసెల్, బర్చ్ అని ఇద్దరు రాసిన పుస్తకంతో. జంతువు అక్కర్లేకుండా చెయ్యి, కుదరకపోతే సంఖ్య తగ్గించు, అదీ కుదరకపోతే బాధన్నా తగ్గించు అని. ఆ పుస్తకం వచ్చాక చాలా ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. మీ మేడమ్‌కి ఏడేళ్ళే అయ్యాయి.

చిన్నోడు_పీహెచ్‌డీ
ఏడేళ్ళే అంటారేంటి అక్కా 😭

ఫార్మాబాబాయి
విజయమ్మ చెప్పింది నిజం. ఈ ఫీల్డ్‌లో కాలం ఎంత నెమ్మదిగా నడుస్తుందో నాకు తెలుసు, నేను ఇంజెక్షన్లు, సెలైన్ల క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. కుందేలు పైరోజెన్ టెస్ట్ నా చేతులతో కొన్ని వందలసార్లు చేశాను. మందులో జ్వరం తెప్పించే బ్యాక్టీరియా ముక్కలేమైనా ఉన్నాయా అని చూడటానికి. బ్యాచ్‌కి మూడు కుందేళ్ళు. మెడ దగ్గర చెక్క బిగించే పెట్టెలో కూర్చోబెట్టి, వెనక నుంచి టెంపరేచర్ ప్రోబ్ పెట్టి, చెవి అంచున వెంట్రుకలు తీసేసి గోరువెచ్చటి నీళ్ళతో తుడిస్తే సిర పైకి తేలుద్ది, దాంట్లోకి మందు ఎక్కించి, ఇక మూడు గంటలు అరగంటకోసారి రాసుకుంటూ కూర్చోవటమే. ఒక్కదానికి అర డిగ్రీ పెరిగినా సరే, మళ్ళీ ఇంకో ఐదు కుందేళ్ళు. భయపడ్డ కుందేలుకి మందుతో పనిలేకుండానే ఒళ్ళు వెచ్చబడుద్ది, అందుకని ముందురోజుల్లో ఊరికే పెట్టెలో కూర్చోబెట్టి అలవాటు చేసేవాళ్ళం. అలవాటయ్యాక అవి కదలవు. అలా కదలకుండా చూస్తూ కూర్చునేవి, అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి. 1995లో జర్మనీలో థామస్ హార్టుంగ్, ఆల్బ్రెక్ట్ వెండెల్ అని ఇద్దరు, మనిషికి జ్వరం వస్తుందా లేదా అని కుందేలుని అడగటం దేనికి, మనిషి రక్తాన్నే అడుగుదాం అన్నారు. దాత ఇచ్చిన రక్తంలో మందు కలిపితే, పైరోజెన్ ఉంటే తెల్ల కణాలు ఇంటర్‌ల్యూకిన్ అనే జ్వరం సంకేతం వదులుతాయి, అది కొలిస్తే చాలు. ఇంత సులువైన ఆలోచన యూరోపియన్ ఫార్మకోపియాలోకి, అంటే మందుల నాణ్యత రూల్స్ పుస్తకంలోకి, ఎక్కింది 2010లో. కుందేలు టెస్టునే తీసేసే మార్పుల్ని ఆ ఫార్మకోపియా కమిషన్ ఆమోదించింది 2024లో. లెక్కేసుకో చిన్నోడా.

రాత్రిపక్షి
దాదాపు 30 ఏళ్ళు. నేను పుట్టకముందు కనిపెట్టిన టెస్టు నాకు ఉద్యోగం వచ్చాక ఒప్పుకున్నారన్నమాట

సందేహాలరావు
బాబాయ్ చెప్పింది బాగుంది కానీ నేను ఇంకో వైపు నుంచి మాట్లాడతా, తిట్టకండి. ఆ 30 ఏళ్ళు ఊరికే పట్టలేదు కదా. సిరలోకి నేరుగా ఎక్కించే మందు, పొరపాటు జరిగితే పోయేది పేషెంట్ ప్రాణం. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ సిరప్ తాగి వందమందికి పైగా పోయారు, ముందు జంతువు మీద చూసుంటే తెలిసిపోయేది. అందుకే కదా 1938లో చట్టం వచ్చింది. కొత్త పద్ధతి కనిపెట్టిన ప్రతివాళ్ళకీ ముందే దండలేసేసి, తర్వాత అది పనిచెయ్యదని తేలితే? పేపర్లలో చిన్న చిప్ మీద మనిషి కణాలు పెంచి చిప్ మీద ఊపిరితిత్తి, చిప్ మీద గుండె అని ఫొటోలు వేస్తారు, చూడటానికి బ్రహ్మాండంగా ఉంటాయి. ప్లేట్‌లో కణాలకి జ్వరం రాదు, వాంతి రాదు, కడుపు నొప్పి రాదు.

టాక్స్_విజయ
రావుగారూ, మరి జంతువు మీద పాసైపోయి మనిషి దగ్గర బోల్తా పడ్డవాటి సంగతో? 2006లో లండన్‌లో టీజీఎన్1412 అని ఒక యాంటీబాడీ మందు, కోతుల మీద బాగానే ఉంది. కోతికిచ్చిన డోసులో 500వ వంతు ఆరుగురు వాలంటీర్లకి ఇస్తే గంటన్నరలో ఆరుగురికీ తీవ్రమైన రియాక్షన్ మొదలైంది, ఐసీయూలో పెట్టి కాపాడారు. కారణం తర్వాత దొరికింది. ఆ మందు పట్టుకునే సీడీ28 అనే గుర్తు మనిషి మెమరీ టీ కణాలనే ఒక రకం రోగనిరోధక కణాల మీద ఉంటుంది, అవే కణాలు ఆ కోతుల్లో ముదిరేసరికి దాన్ని పోగొట్టుకుంటాయి. కోతి ఎన్నేళ్ళు చూసినా చెప్పలేని జవాబు అది.

సందేహాలరావు
ఆ కేసు తెలుసండీ. కానీ అప్పుడు మనిషి కణాల మీద కూడా చూశారు, అదీ పట్టుకోలేదు. అది కూడా చెప్పండి మరి.

టాక్స్_విజయ
చెప్తా, ఎందుకు చెప్పను. కణాల మీద మందుని మామూలుగా నీళ్ళలో కలిపినట్టు పోశారు, ఏమీ కాలేదు. ఆ తర్వాత బ్రిటన్‌లోనే ఒక టీమ్ అదే యాంటీబాడీని ప్లేట్ అడుగున అంటించి, దాని మీద మనిషి కణాలు వేసింది. అప్పుడు కణాలు ఒక్కసారిగా విజృంభించాయి, ఆస్పత్రిలో ఏం జరిగిందో అదే ప్లేట్‌లో కనపడింది. ఇప్పుడు అలాంటి మందులకి ఆ రకం పరీక్ష మామూలైపోయింది. అంటించి చూద్దాం అనుకున్నవాళ్ళ పేర్లు ఇక్కడ ఎంతమందికి తెలుసు? నేనడిగేది అదే. ఫ్యాన్సీ చిప్ కాదు, ప్లేట్ అడుగున అంటించటం.

సందేహాలరావు
ఈ పాయింట్ ఒప్పుకుంటా. నేను వద్దంటున్నది గుర్తింపుని కాదు, తొందరని.

జంతుప్రేమి_సత్య
తొందరా?? 1944లో డ్రెయిజ్ టెస్ట్ వచ్చింది, కుందేలు కంట్లో కెమికల్ వేసి ఎంత ఎర్రబడింది ఎంత మబ్బేసింది అని మార్కులేసేది. 1980లో హెన్రీ స్పైరా అని సైంటిస్ట్ కూడా కాదు ఆయన, స్కూల్ టీచర్, పేపర్లో ఫుల్ పేజీ యాడ్ వేయించి రెవ్లాన్ కంపెనీని నిలదీశాడు, ఆ తర్వాతే ఆ కంపెనీ ప్రత్యామ్నాయం కోసం డబ్బు పెట్టింది. నా ఉద్దేశంలో గుర్తింపు అలాంటివాళ్ళకి ముందు ఇవ్వాలి. కుందేలు మీద జాలితో మొదలుపెట్టినవాళ్ళకి. సైంటిస్టులు వాళ్ళ వెనక వచ్చారు.

నీలినెత్తురు
సత్యగారూ జాలితో మొదలుపెట్టకపోయినా జంతువుని కాపాడినవాళ్ళున్నారు, వాళ్ళని వదిలేస్తామా? నా ఐడీ పేరు అందుకే పెట్టుకున్నా. బాబాయ్ చెప్పిన కుందేలు టెస్టుకి, మనిషి రక్తం టెస్టు కన్నా ముందే ఒక ప్రత్యామ్నాయం వచ్చింది, హార్స్‌షూ క్రాబ్ అనే సముద్రపు జీవి నీలం రక్తంతో. బ్యాక్టీరియా విషం తగిలితే ఆ రక్తం గడ్డకడుతుంది. కుందేళ్ళు బతికాయి, కానీ ఆ జీవిని ఏటా లక్షల్లో పట్టి రక్తం తీసి మళ్ళీ సముద్రంలో వదులుతారు, కొన్ని చచ్చిపోతాయి. అప్పుడు సింగపూర్‌లో డింగ్ జాక్ లింగ్, హో బో అని ఇద్దరు ఆ రక్తంలో విషాన్ని పసిగట్టే ఫ్యాక్టర్ సి జీన్‌ని పట్టుకుని ల్యాబ్‌లోనే తయారుచేశారు. 1990ల మాట ఇది. ప్రొడక్ట్ మార్కెట్‌లోకి 2003లో వచ్చింది, యూరప్ ఫార్మకోపియాలో విడిగా చాప్టర్ 2021లో.

మధ్యలో ఇంకో మనిషి ఉన్నాడు, జే బోల్డెన్ అని ఇలై లిల్లీ కంపెనీలో పనిచేసేవాడు. ఆయనకి పక్షుల్ని చూడటం పిచ్చి. ఆ క్రాబ్ గుడ్లు తిని బతికే వలస పక్షులు తగ్గిపోతున్నాయని, మా కంపెనీలో ఈ రక్తం వాడటం మానేద్దాం అని పట్టుబట్టాడు. 2018లో కొత్త టెస్టుతో చేసిన వాళ్ళ మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. కనిపెట్టినవాళ్ళు ఒకరు, వాడించినవాడు ఇంకొకడు. ఇద్దరూ లేకపోతే ఆ జీన్ ఫ్రీజర్‌లోనే ఉండిపోయేది.

రాత్రిపక్షి
పక్షుల పేరు చెప్పి పీతని కాపాడాడు 🙌 నా ఐడీకి కూడా ఇవాళ్టికి సార్థకత దొరికింది

రాత్రిపక్షి
సీరియస్‌గా ఇంకోటి. ప్రెగ్నెన్సీ టెస్ట్ సంగతి మీరెవరూ ఎత్తలేదు. 1920ల చివరి నుంచి ఆడవాళ్ళ మూత్రం ఎలకకో కుందేలుకో ఎక్కించి, దాన్ని కోసి అండాశయం చూసి, అమ్మా నువ్వు గర్భవతివి అని చెప్పేవాళ్ళు. ఒక్కో జవాబుకీ ప్రాణాలు పోయేవి. తర్వాత కప్పలొచ్చాయి, కప్ప గుడ్లు పెడితే చాలు, కొయ్యక్కర్లేదు, అదే కప్పని మళ్ళీ వాడొచ్చు. 1960లో స్వీడన్‌లో లీఫ్ వైడ్, కార్ల్ గెమ్జెల్ అని ఇద్దరు యాంటీబాడీలతో గాజు గొట్టంలోనే తేల్చేశారు. ఇవాళ పుల్ల మీద రెండు గీతలు చూసుకునే ఏ ఆడపిల్లకి ఆ రెండు పేర్లు తెలుసు చెప్పండి. వాళ్ళు జంతువుల కోసం చేశారో లేదో, ఆ పుల్ల ముంచిన ప్రతిసారీ ఒక ఎలక బతికినట్టే కదా.

జంతుప్రేమి_సత్య
ఇది నాకు తెలియదు. నిజంగా తెలియదు. రాత్రంతా దీని గురించే చదువుతూ కూర్చున్నా.

మల్లన్న_బయోటెక్
సత్యక్కా, మనసుల ఏమున్నదో చూసి అవార్డు ఇయ్యాల్నంటే ఎట్లయితది? బ్రూస్ ఏమ్స్ సంగతే తీసుకోరి. 1970లల్ల బ్యాక్టీరియా మీద కెమికల్ వేసి అది జీన్లను చెడగొడ్తదా లేదా అని రెండు మూడు దినాలల్ల చెప్పే టెస్టు చేసిండు. అదే ఎలకల మీద క్యాన్సర్ వస్తదా అని చూడాల్నంటే రెండేండ్లు. ఆయన ఆ బ్యాక్టీరియాను దాచుకోలే, అడిగినోళ్ళందరికి ఊకెనే పంపిండు. అందుకే లోకమంత పాకింది. నా లెక్కల అవార్డు కమిటీ చూడాల్సింది గదే, నువ్వు కనిపెట్టినదాన్ని ఎంతమంది చేతుల పెట్టినవ్ అని. పేటెంట్ పెట్టి పెట్టెల దాస్తే ఒక్క ఎలక గూడ బతకది.

సందేహాలరావు
ఏమ్స్ టెస్టులో కలిపే ఎస్9 ఎక్కడినుంచి వస్తుంది మల్లన్నా? ఎలక కాలేయం రుబ్బి తీసిందే కదా 🙂 పూర్తిగా జంతువు లేనిది అని రాసేముందు అదీ చూసుకోవాలి.

మల్లన్న_బయోటెక్
నిజమే అన్నా, ఒప్పుకుంటున్న. కానీ ఒక్క ఎలక కాలేయంతోని ఎన్ని ప్లేట్లు అయితయో లెక్క జూడు, రెండేండ్ల స్టడీకి వందల ఎలకలు పోతయి. తగ్గించుడు గూడ 3ఆర్స్‌ల ఒకటే.

పిపెట్‌రాణి
రావుగారు ఎస్9 ఎత్తారు కాబట్టి నేను ఇంకోటి ఎత్తుతా. మేం కణాలకి పోసే సీరం ఏంటనుకుంటున్నారు? కడుపుతో ఉన్న ఆవుని కోసినప్పుడు లోపలున్న దూడ రక్తంలోంచి తీస్తారు. నేను టిష్యూ కల్చర్ టెక్నీషియన్‌ని, ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి నాకీ సంగతి తెలిసింది, ఆ బాటిల్ చేత్తో పట్టుకుని కాసేపు అలా నిలబడిపోయాను. జంతువుని తప్పించే పనిలో రోజూ జంతువునే పోస్తున్నా. సీరం లేని మీడియా, మనిషి ప్లేట్‌లెట్ల నుంచి తీసేది, ఇలాంటివాటి మీద పనిచేసేవాళ్ళు ఉన్నారు. ఆ పని ఎంత విసుగో మీకు తెలియదు. కొత్త మీడియాకి మారిస్తే కణాలు అలుగుతాయి. అంటుకోవు, తేలిపోతాయి, కొంచెం కొంచెంగా పాత సీరం తగ్గిస్తూ నెలలు బుజ్జగించాలి. ఎవరన్నా దాన్ని గొప్ప పరిశోధన అంటారా? అనరు, మీడియా మార్చారు అంటారు.

ఇంకా ఉంది చెప్తా, ఇంతదాకా వచ్చాక. చర్మం మండుతుందా లేదా అని కుందేలు వీపు గొరిగి చూసేవాళ్ళు. ఇప్పుడు మేం వాడేది మనిషి చర్మకణాలతో పెంచిన పొర, చిటికెన వేలి గోరంత, చిన్న ప్లాస్టిక్ గిన్నె అడుగున తడితడిగా ఉంటుంది, పైన నిజం చర్మంలాగే పొలుసు కూడా కడుతుంది. దాని మీద కెమికల్ వేసి, టైమ్ అయ్యాక మెల్లగా కడిగి, 42 గంటలు ఇంక్యుబేటర్లో పెట్టి, తర్వాత ఎంటీటీ అనే పసుప్పచ్చ ద్రావణం పోస్తాం. బతికున్న కణాలు దాన్ని ఊదారంగు చేస్తాయి, చచ్చినవి చెయ్యలేవు. రంగు సగానికి సగం పడిపోతే మంట పుట్టించే కెమికల్ అని రాస్తాం. కడగటం దగ్గరే ఉంది కిటుకంతా. గట్టిగా కడిగితే పొర లేచిపోతుంది, మెతగ్గా కడిగితే కెమికల్ మిగిలిపోయి అబద్ధం చెప్తుంది. ఆ కడగటం నేర్చుకోవటానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఈ పద్ధతి మీద పేపర్లు చాలా వచ్చాయి, కడిగినవాళ్ళ పేర్లు ఎక్కడో చివర థ్యాంక్స్‌లో ఉంటాయి, అదీ ఉంటే. నాకు అవార్డు కావాలని కాదు. 42 గంటలంటే శుక్రవారం మొదలుపెడితే ఆదివారం రావాలి, ఆ ఆదివారాలు ఎవరన్నా లెక్కలో వేస్తే బాగుండు.

ఫార్మాబాబాయి
అమ్మా రాణీ, కుందేలు చెవి పట్టుకున్నవాడిగా చెప్తున్నా, నీ ఆదివారాలు నేను లెక్కేస్తున్నా.

చిన్నోడు_పీహెచ్‌డీ
పిపెట్‌రాణి గారు రాసింది మా ల్యాబ్ అంతా చదివాం. మా దగ్గరా ఇద్దరు టెక్నీషియన్లున్నారు, మేడమ్ సెలవులో ఉన్నా కణాలు చావకుండా చూసేది వాళ్ళే.

టాక్స్_విజయ
ఇంకో రకం వాళ్ళు కూడా ఎవరికీ కనపడరు, వ్యాలిడేషన్ చేసేవాళ్ళు. ఒకరి ల్యాబ్‌లో పనిచేసింది ఇంకో మూడు ల్యాబుల్లో అదే జవాబు ఇస్తుందా అని, ఏ సీసాలో ఏముందో తెలియకుండా కోడ్ నంబర్లేసి పంపించి చూస్తారు. కొత్తది కనిపెట్టే సరదా దాంట్లో ఏముంటుంది, కానీ అది లేకపోతే ఓఈసీడీ (చాలా దేశాలు కలిసి టెస్టుల రూల్స్ ఒప్పుకునే సంస్థ) గైడ్‌లైన్ రాదు, గైడ్‌లైన్ రాకపోతే ఏ కంపెనీ వాడదు, ఏ జంతువూ మిగలదు. చర్మ అలర్జీకి గినియా పిగ్స్, తర్వాత ఎలకలు. ఇప్పుడు ప్రొటీన్‌కి అతుక్కుంటుందా, చర్మకణం స్పందిస్తుందా, రోగనిరోధక కణం మేలుకుంటుందా అని మూడు వేర్వేరు టెస్టులు కలిపి తేలుస్తున్నారు, 2021లో ఓఈసీడీ ఆ కలపటానికి కూడా రూల్ రాసింది. ఒక్క బుర్రలోంచి వచ్చింది కాదు అది. లష్ వాళ్ళు 2015లో తమ పెద్ద ప్రైజ్‌ని చర్మ అలర్జీ మీద పనిచేసిన పలువురికి పంచింది అందుకే. నాకు నచ్చిన అవార్డు అదొక్కటే.

సందేహాలరావు
ఇదిగో, దీనికి నేను చప్పట్లు కొడతా. కనిపెట్టిన రోజు కాదు, నలుగురు చేసి సరిపోయింది అన్న రోజు ఇవ్వండి అవార్డు.

మల్లన్న_బయోటెక్
సరిపోకపోతే గూడ ఇయ్యాలె రావన్నా. నేను మూడేండ్లు చేసిన చేప గుడ్ల టెస్టు, మావోళ్ళ తానే రెండో ల్యాబ్‌ల వేరే జవాబు వచ్చింది. ఎందుకొచ్చిందో గూడ దొరికింది, నీళ్ళ వేడి రెండు డిగ్రీలు ఫరక్. గది రాసి పంపితే ఏ జర్నల్ తీసుకోలే, ఫెయిల్ అయినది మాకెందుకన్నరు. ఇప్పుడు ఇంకెవడో గదే తప్పు మళ్ళ చేస్తున్నడు కావచ్చు.

సందేహాలరావు
అది నిజంగా అన్యాయం. ఎక్కడన్నా ఆన్‌లైన్‌లో పెట్టెయ్ మల్లన్నా, జర్నల్ లేకపోతే పోయింది. పెట్టాక లింక్ ఇక్కడ ఇవ్వు, నేను చదువుతా.

జంతుప్రేమి_సత్య
నేను మొదట్లో జాలి ఉన్నవాళ్ళకే ఇవ్వాలన్నా కదా, వెనక్కి తీసుకోను. కానీ నీళ్ళ వేడి రెండు డిగ్రీలని రాసిపెట్టినాయన కూడా నా లిస్టులో చేరాడు ఇవాళ. జాలి ఉన్నవాళ్ళు అడగాలి, ఇలాంటివాళ్ళు చేసి చూపించాలి. యూరప్‌లో 2013లో జంతువుల మీద టెస్ట్ చేసిన కాస్మెటిక్స్ అమ్మకమే ఆపేశారు, అడిగేవాళ్ళు మాత్రమే ఉంటే అది అయ్యేది కాదు, అన్నిటికీ కాకపోయినా చూపించే టెస్టులు కొన్ని చేతిలో ఉండటం కూడా కలిసొచ్చింది.

టాక్స్_విజయ
మందుల వైపు కూడా తలుపు తెరుచుకుంది. అమెరికాలో 2022 డిసెంబర్‌లో చట్టం మార్చారు, మనిషి మీద ట్రయల్‌కి ముందు జంతువుల డేటానే ఉండాలనే షరతు తీసేసి కణాలు, చిప్‌లు, కంప్యూటర్ మోడల్స్ కూడా చూపించొచ్చన్నారు. ఇండియాలో 2023లో కొత్త మందుల రూల్స్‌లో అలాంటి సవరణే వచ్చింది. కాబట్టి చిన్నోడా, మీ మేడమ్ కాలేయ కణాల పని కమిటీకి మెథడే కావచ్చు, రేపు మందు అనుమతి ఫైల్‌లో పెట్టేది మాత్రం దాన్నే.

చిన్నోడు_పీహెచ్‌డీ
అప్‌డేట్. ఈ చర్చ మొత్తం ప్రింట్ తీసి మేడమ్ టేబుల్ మీద పెట్టా. చదివి కాసేపు ఏం మాట్లాడలేదు, బాబాయ్ రాసిన కుందేళ్ళు కదలకుండా చూసేవి అన్న లైన్ కింద పెన్సిల్‌తో గీత గీశారు. తర్వాత వచ్చే ఏడు మళ్ళీ పంపిద్దాం అన్నారు, కాకపోతే రెండు మాటలు చెప్పారు. ఒకటి, ముందు ఇంకో రెండు ల్యాబులకి కణాలు, ప్రొటోకాల్ పంపి వాళ్ళ జవాబు వచ్చాకే పంపాలట, రావుగారు సంతోషించండి. రెండోది, తన పేరు ఒక్కటే వేస్తే సంతకం పెట్టనన్నారు, ఇద్దరు టెక్నీషియన్ల పేర్లు పక్కన ఉండాలట. కానీ ఫారంలో నామినీ పేరు అని ఒక్కటే గడి ఉంది. ఏం చెయ్యాలి?

పిపెట్‌రాణి
ఆ గడిలోనే ముగ్గురి పేర్లూ రాసెయ్ బాబూ. చోటు చాలకపోతే అక్షరాలు చిన్నవి చెయ్.

ఫార్మాబాబాయి
రెండు ల్యాబుల్లో ఒకటి దొరికిందనుకో. మా పాత కొలీగ్ ఒకాయనకి కాలేయ కణాల సెటప్ ఉంది, అడిగి రేపు చెప్తా.